కింద పెట్టాల్సిన కప్పు

ఖలఫ్‌కి అరవై రెండేళ్లు. అందులో నలభై ఒక్కేళ్లు షేక్ దైఫల్లా దివాణంలో కాఫీ కాయడంలోనే గడిచిపోయాయి. కాఫీ కాయడం కూడా ఒక పనేనా అని ముక్కు విరిచేవాళ్లు పట్నాల్లో ఉంటారు. వాళ్లని మా కరక్ కొండల మీదికి ఒక్క వారం పంపండి, నోళ్లు వాటంతటవే మూతపడతాయి. గింజ ఇనప గరిటెలో దోరగా వేగాలి. నల్లబడిందా, పారబొయ్యాలి. చల్లారాక కర్ర రోట్లో దంచాలి. ఏలకులు ఎన్ని అనేది చెయ్యి చెప్పాలి తప్ప చెంచా కాదు. ఒక కూజాలో మరిగింది ఇంకో కూజాలోకి వంపి, మళ్లీ మరిగించి, చివరికి చిన్న కప్పు అడుగున మూడు గుక్కల చేదు కాఫీ. అంతే. ఎవరైనా చక్కెర మాటెత్తితే ఖలఫ్ మొహం మాడ్చుకునేవాడు.

ఆ మూడు గుక్కల చుట్టూనే మావాళ్ల బతుకులు తిరుగుతాయి. పిల్లనడగాలన్నా, పొలం గట్టు తగవు తీరాలన్నా, చావుకి క్షమాపణ కోరాలన్నా పదిమంది పెద్దమనుషులు కలిసి అవతలివాళ్ల గుడారానికి వెళ్తారు. వెళ్లగానే కాఫీ పోస్తారు. వచ్చినవాళ్లలో పెద్ద ఆ కప్పు తాగడు. నేల మీద పెట్టి, తమ కోరిక చెబుతాడు. ఇంటాయన "తాగండి, మీరడిగింది ఇచ్చాం" అన్నాకే కప్పు ఎత్తుతాడు. ముందే తాగేశాడంటే కోరికేదీ లేదన్నట్టు. కాఫీకి వచ్చాడు, తాగాడు, పోయాడు. ఆ తరవాత నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాడుండడు.

షేక్ దైఫల్లా అలా కప్పు కింద పెట్టి, ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రోజు లేదు. ఆయన గొంతు విప్పితే రాళ్లలాంటి మనుషులు కూడా మెత్తబడేవాళ్లు. అవతలివాడి తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత ఏ కరువులో ఎవరికి గోధుమలు పంచాడో, అన్నీ చెప్పి, అలాంటి ఇంటి గడప తొక్కాం అనేవాడు. పౌరుషంతో బిగుసుకు కూర్చున్నవాడు కూడా తాత పేరు వినగానే తల దించుకునేవాడు.

ఏణ్ణర్థం కిందట ఒక ఉదయం ఖలఫ్ మొదటి కప్పు అందిస్తుంటే షేక్ చుట్టూ చూసి, "దివాణం బాగుందయ్యా, ఎవరిదిది?" అన్నాడు. ఖలఫ్ వేళాకోళం అనుకుని నవ్వాడు. షేక్ నవ్వలేదు. కాసేపటికి సొంత చెల్లెలి కొడుకు లోపలికొచ్చి చెయ్యి ముద్దు పెట్టుకుంటే, ఎవరో ఊరుకాని ఊరివాణ్ణి చూసినట్టు చూశాడు. ఖలఫ్ కూజా పట్టుకుని వంగాడు, కాఫీ పోస్తూ ఆయన చెవి దగ్గర "మీ మేనల్లుడు జురైద్" అని గొణిగాడు. షేక్ మొహం వెలిగింది. "జురైద్, రా నాయనా, మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

ఇక అప్పట్నుంచీ అదే పని. ఎడమ చేతిలో కూజా, నోట్లో వచ్చినవాడి పేరు. కాఫీవాడు వంగితే ఎవరు పట్టించుకుంటారు? ఒక్క పేరు అందిస్తే చాలు, పాతవన్నీ షేక్ నోటికి వరసగా వచ్చేసేవి. నిన్నటిది మాత్రం నిలిచేది కాదు. జనం మాత్రం "ఎనభై నాలుగేళ్లొచ్చినా ఆ జ్ఞాపకం చూడరా, ఏడు తరాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు" అని ముక్కున వేలేసుకునేవాళ్లు. అది విన్నప్పుడల్లా ఖలఫ్ కడుపు నిండిపోయేది. తన ఉప్పు తిన్న చెయ్యి తన పరువు కాపాడుతోందని షేక్‌కే తెలియదు. షేక్ తమ్ముడి కొడుకు రకాన్, దివాణం వ్యవహారాలన్నీ చూసేవాడు, అతనికీ తెలియదు. తెలిసింది ఖలఫ్ భార్య నూఫాకి ఒక్కదానికే.

"ఎన్నాళ్లు మోస్తావయ్యా ఈ మూటని?" అనేదామె, పెరుగు చిలుకుతూ.

"నా నడుం ఉన్నన్నాళ్లు" అనేవాడు.

"ఆయన కొడుకులకి చెప్పు. వైద్యుడికి చూపించుకుంటారు."

"చూపిస్తే ఏమవుతుంది? రేపట్నుంచి దివాణంలో ఆయన మాటకి విలువ ఉండదు. బతికుండగానే పాతిపెట్టినట్టే కదా. నోరు మూసుకో నూఫా."

ఆమె నోరు మూసుకుంది. అదే ఆమె చేసిన పొరపాటని తరవాత వందసార్లు అనుకుంది.

వీళ్ల ఒక్కగానొక్క కొడుకు సత్తామ్ నీళ్ల ట్యాంకర్ నడిపేవాడు. నెమ్మదస్తుడు. చలికాలం చివర్లో ఒక రోజు, వాన వెలిసిన మధ్యాహ్నం, లోయ దిగే మలుపులో బండి జారింది. రోడ్డు పక్కన నడిచి వెళ్తున్న హాయిల్ అనే కుర్రాణ్ణి కొట్టింది. సత్తామ్ పారిపోలేదు. తనే ఎత్తుకుని, ఎదురొచ్చిన బండిలో పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారిలోనే హాయిల్ ప్రాణం పోయింది. పాతికేళ్లు. రంజాన్ వెళ్లాక పెళ్లి అనుకున్నారు. సత్తామ్ రక్తం ఆరని చొక్కాతోనే నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

చచ్చిపోయినవాడి తరఫువాళ్లు క్షమిస్తే శిక్ష నామమాత్రం, లేకపోతే మూడేళ్లు అన్నాడు వకీలు. హాయిల్ తండ్రి ముఫ్లిహ్ చెడ్డవాడు కాదు. నలభై రోజులయ్యాక ఒక ముసలమ్మతో గుట్టుగా కబురు పంపాడు. "ఆ పిల్లవాడు నా కొడుకు తల ఒళ్లో పెట్టుకున్నాడని విన్నాను. నాకు వాడి మీద పగ లేదు. మీవాళ్లు పద్ధతిగా వచ్చి అడగండి, పదిమంది ముందు నా బిడ్డ చావుకి విలువిచ్చి అడగండి. నేను కాదనను." అంతకంటే ఎవరు మాత్రం ఏమంటారు? ఆ కబురు విని నూఫా నేల మీద కూలబడి, అప్పటిదాకా గుడ్లలో కుక్కుకున్న నీళ్లన్నీ ఒక్కసారి వదిలేసింది. అడిగితే చాలు, ఇచ్చేస్తారు. అడగడమే మిగిలింది.

అడగడానికి ఎవరు పోవాలన్న ప్రశ్నే రాలేదు. నలభై ఒక్కేళ్లు కాఫీ పోసిన మనిషి కొడుకు విషయం. షేక్ వెళ్లక ఇంకెవరు వెళ్తారు? రకానే స్వయంగా ఇంటికొచ్చి చెప్పాడు. మావాళ్లు తండ్రిని అబూ అనీ, తల్లిని ఉమ్ అనీ కొడుకు పేరుతోనే పిలుస్తారు. "అబూ సత్తామ్, దిగులు పెట్టుకోకు. పెదనాన్నే ముందు నడుస్తాడు. గురువారం, సాయంత్రం నమాజు అయ్యాక."

ఖలఫ్ అతన్ని గుమ్మందాకా సాగనంపాడు. రకాన్ వెళ్లగానే నూఫా అతని చొక్కా పట్టుకుంది.

"చెప్పు. ఇప్పుడే వెళ్లి చెప్పు. ఇంకెవర్నైనా పెద్దగా పెట్టమను."

"ఏమని చెప్పను? నా కొడుకు కోసం వస్తానన్న మనిషిని, నీకు బుర్ర లేదు, ఇంట్లో కూర్చో అననా?"

"నీ కొడుకయ్యా వాడు. నా కడుపున పుట్టినవాడు. జైల్లో ఉన్నాడు."

"నాకు తెలియదా? పాత పద్ధతులేవీ ఆయన మరిచిపోలేదు నూఫా. కప్పు కింద పెట్టడం ఆయనకి ఊపిరి తీసుకోవడం లాంటిది. చేతికే తెలుసు."

"నువ్వు పక్కన ఉంటావా, చెవిలో చెప్పడానికి?"

చావుకి కారణమైనవాడి తండ్రి, కోరిక చెల్లేదాకా ఆ గుడారంలో అడుగు పెట్టకూడదు. అవతలివాళ్ల కళ్లకి కనపడకూడదు. ఏణ్ణర్థంగా ఒక్క రోజు కూడా షేక్ పక్కనుంచి కదలని మనిషి, తన కొడుకు బతుకు తేలే రోజునే ఆయన పక్కన ఉండకూడదు.

గురువారం పొద్దున ఖలఫ్ దివాణంలో షేక్ ఎదురుగా కూర్చుని అంతా చెప్పాడు. హాయిల్, ఆగిపోయిన పెళ్లి, ముఫ్లిహ్, సత్తామ్, ట్యాంకర్, మలుపు, ఒళ్లో పోయిన ప్రాణం. షేక్ శ్రద్ధగా విన్నాడు. తిరిగి చెప్పమంటే పొల్లుపోకుండా చెప్పాడు. కప్పు ఎక్కడ పెడతారని అడిగితే కోపమొచ్చింది ఆయనకి. "నువ్వు పుట్టకముందు నుంచీ నేను కప్పులు కింద పెడుతున్నాను. నాకు నేర్పుతున్నావా?" అన్నాడు. ఖలఫ్ ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క రోజు గట్టెక్కితే చాలు, రేపే రకాన్‌తో అన్నీ చెప్పేస్తానని మొక్కుకున్నాడు. మూడుసార్లు చెప్పించాడు, మూడుసార్లూ తప్పు పోలేదు. నాలుగోసారి అడగడానికి మర్యాద అడ్డొచ్చింది.

ఇంటి దగ్గర నూఫా ముందు రోజే జమీద్ నానబెట్టింది. పోయిన వసంతంలో తన గొర్రెల పాలు తోడుపెట్టి, చిలికి, ఉప్పు పట్టించి, ఇంటి కప్పు మీద రాయిలా ఎండబెట్టిన పెరుగు ముద్దలవి. కోరిక చెల్లిన కబురు రాగానే ఆ పులుసులో మాంసం ఉడికించి, పల్చటి రొట్టెల మీద అన్నం పోసి, ఆ మన్సఫ్ పళ్లేలని ముఫ్లిహ్ గుడారానికి పంపాలి. రెండిళ్లవాళ్లు ఒకే పళ్లెంలో చెయ్యి పెడితే పగ పోయినట్టు. ముఫ్లిహ్ గుమ్మం ముందు కోసి మాంసం ఇక్కడికి పంపాల్సిన గొర్రెలు రకాన్ బండి వెనక భాగంలో కట్టి ఉన్నాయి. పొయ్యి మీద పెద్ద డేగిసాలో పులుసు మరుగుతోంది. జమీద్ మరిగేటప్పుడు గరిటె ఆపకూడదు. ఆపితే విరిగిపోతుంది. నూఫా ఆపకుండా ఒకే వైపుకి తిప్పుతూ కూర్చుంది. ఇరుగమ్మలు రొట్టెలు చేస్తూ ఆమెని నవ్వించాలని చూశారు. "ఏమమ్మా ఉమ్ సత్తామ్, ఇంత పులుసా? కొడుక్కి పెళ్లి కూడా దీంతోనే కానిచ్చేస్తావా?" నూఫా కూడా నవ్వింది. నలభై రోజుల తరవాత అదే మొదటిసారి.

ఖలఫ్ ముఫ్లిహ్ గుడారానికి దూరంగా, గుట్ట వెనక ఆపిన బండిలో కూర్చున్నాడు. పెద్దమనుషులు పద్నాలుగు మంది నడిచి లోపలికి పోవడం చూశాడు. ముందు షేక్, గోధుమరంగు అంగీలో, కర్ర లేకుండా. అటునుంచి గాలికి కాఫీ వాసన వచ్చింది. బాగా వేయించారు, ఏలకులు సరిగ్గా పడ్డాయి అనుకున్నాడు. ఇప్పుడు పోస్తుంటారు. ఇప్పుడు కింద పెడుతుంటాడు. ఇప్పుడు ముఫ్లిహ్ తాత పేరు ఎత్తుతుంటాడు. అలా మనసులోనే లోపల జరిగేదంతా నడిపించాడు. ముఫ్లిహ్ తాగండి అనే మాట దగ్గరికి ఇంకా రానేలేదు, గుడారంలోంచి మనుషులు బయటికొచ్చేశారు.

అంత తొందరగా ఎవరూ రారు. రకాన్ ముందు నడుస్తూ వచ్చి బండి తలుపు తీశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పెదనాన్న తాగేశాడు" అన్నాడు.

"ఏం తాగేశాడు?"

"కాఫీ. పొయ్యగానే తాగేశాడు. తాగి, చాలని కప్పు ఊపి ఇచ్చేశాడు. మేమింకా కూర్చోనైనా లేదు సరిగ్గా. కాఫీ బాగుందన్నాడు. అప్పుడు ముఫ్లిహ్ వైపు తిరిగి..." రకాన్ ఆగాడు. "మీ హాయిల్ పెళ్లెప్పుడు పెట్టుకున్నారు, మమ్మల్ని పిలుస్తారా అని అడిగాడు."

ఖలఫ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ముఫ్లిహ్ లేచి నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ల వైపు నుంచి ఆ తల్లి ఏడుపు. మమ్మల్ని బయటికి నడవమన్నారు. ఏమైంది అబూ సత్తామ్ ఆయనకి? ఎందుకలా వెక్కిరించాడు?"

"వెక్కిరించలేదు బాబూ. ఆయనకి మతి నిలవడం లేదు. ఏణ్ణర్థం అయింది."

"ఎవరు చెప్పారు?"

"నాకు తెలుసు. వచ్చినవాళ్ల పేర్లు నేనే చెవిలో చెబుతున్నాను. కాఫీ పోస్తూ."

రకాన్ బండి తలుపు వదిలేశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఖలఫ్‌కి అనిపించింది. "నాతో ఒక్క మాట అనాల్సింది కదయ్యా" అని, వెనక్కి తిరిగి ఒక్కడే గుడారం వైపు పరుగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా పరుగెత్తాడు పాపం.

పావుగంటకి తిరిగొచ్చాడు.

"నమ్మరట" అన్నాడు. "అన్నీ చెప్పాను. జబ్బు అన్నాను, కాళ్లు పట్టుకోబోయాను. ముఫ్లిహ్ ఏమన్నాడో తెలుసా? మొన్న చలికాలం మొదట్లో పొలం తగవుకి నేనే మీ దివాణానికి వచ్చాను, నా ఏడు తరాలు నా మొహం మీద చదివాడు మీ షేక్, నా ముత్తాత గుర్రం రంగు కూడా చెప్పాడు, అంత జ్ఞాపకమున్నవాడికి నా కొడుకు చావు ఒక్కటే గుర్తు లేదా అన్నాడు. అక్కడున్న వాళ్లంతా అవునన్నారు. అందరూ చూసినవాళ్లే కదా. మీకు పనిబడ్డాక మతి పోయిందా అన్నారు. ఇక ఈ విషయంలో మా గుమ్మం ముందు ఎవరూ ఆగొద్దన్నాడు. ప్రమాణం చేశాడు, అబూ సత్తామ్. చచ్చిన కొడుకు మీద."

చలికాలం మొదట్లో ఆ తగవు రోజున, ముఫ్లిహ్‌కి కాఫీ పోసే ముందు, షేక్ చెవిలో ఆ పేరు చెప్పింది ఖలఫే. గొప్పగా పని చేశానని ఆ రోజు ఇంటికెళ్లి నూఫాతో చెప్పుకున్నాడు కూడా. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. ఇంకెవర్ని అనాలి?

షేక్‌ని జాగ్రత్తగా ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. దారిలో నిద్రపోయాడు.

ఇంటి ముందు బండి ఆగగానే నూఫా తలెత్తి చూసింది. గొర్రెలు ఎలా వెళ్లినవి అలాగే బండి వెనక నిలబడి ఉన్నాయి. ఆమె ఇంకేమీ అడగలేదు. చేతిలో గరిటె ఆగిపోయింది. ఇరుగమ్మ ఒకామె గబగబా వచ్చి గరిటె అందుకోబోయింది, నూఫా వదల్లేదు. వాళ్ల కళ్ల ముందే పులుసు డేగిసాలో విరిగి, నీళ్లొకచోట, తెల్లటి పలుకులొకచోట అయిపోయింది. ఖలఫ్ గుమ్మంలో నిలబడి జరిగింది చెప్పాడు, ఏదీ దాచకుండా.

"నీ షేక్ పరువు నిలబడింది కదా" అంది నూఫా. "ఆయనకి మతి పోయిందంటే ఎవ్వరూ నమ్మలేదు. అంత బాగా కాపాడావు. ఇక మూడేళ్లు నీ కొడుకుని కూడా అంత బాగా కాపాడుకో, జైలు బయట నిలబడి."

ఆ రాత్రి అతను తిండి ముట్టలేదు. ఆమె వడ్డించనూ లేదు.

తెల్లవారాక ఖలఫ్ దివాణానికి వెళ్లాడు. ఎందుకు వెళ్లావని ఊళ్లో చాలామంది తరవాత అడిగారు. ఇంకెక్కడికి వెళ్తాడు? కాళ్లకి తెలిసిన దారి అదొక్కటే. నిప్పు రాజేశాడు, గింజలు వేయించాడు, దంచాడు. షేక్ ఎప్పటిలాగే తన చోట, దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంకా ఎవరూ రాలేదు.

కాసేపటికి నూఫా వచ్చింది. ఆడవాళ్లు ఆ గదిలోకి రారు, అయినా వచ్చింది. రాత్రంతా ఏడ్చిన మొహం. ఆయన్ని నిలదీయాలని వచ్చింది. మావాడి బతుకు తాగేశావు కదయ్యా అని ఆయన మొహం మీదే అనాలని, దారి పొడుగునా ఆ మాటలు కూడబలుక్కుంటూ వచ్చింది. ఆమెని చూసి ఖలఫ్ ఆపలేదు. అనే హక్కు ఆమెకుంది. అతను మాత్రం అలవాటు కొద్దీ కాఫీ పోసి షేక్‌కి అందించాడు.

షేక్ కప్పు అందుకున్నాడు. ఖలఫ్ వైపు చూశాడు, నూఫా వైపు చూశాడు, ఆమె ఉబ్బిన కళ్ల వైపు చూశాడు. మెల్లగా ముందుకి వంగి, కప్పుని నేల మీద పెట్టాడు. ఒక్క చుక్క తొణకలేదు.

"తల్లీ, అయ్యా" అన్నాడు. పాత గొంతు అది. "మేం మీ గడప తొక్కింది కాఫీ కోసం కాదు. మీ బిడ్డ హాయిల్ కోసం తల వంచుకుని వచ్చాం. పెళ్లి కావాల్సిన పిల్లవాడు. సత్తామ్ మా పిల్లవాడు. వాడి బండి కింద మీ బిడ్డ ప్రాణం పోయింది, వాడి ఒళ్లోనే పోయింది. కావాలని చేసింది కాదు. వాడి తండ్రి ఖలఫ్ నలభై ఏళ్లు నా చేతికి కప్పు అందించాడు. నేను వాడికేమీ ఇవ్వలేదు. ఇదొక్కటి ఇద్దామని వచ్చాను. తల్లీ, నీ కడుపుకోత మేం తీర్చలేం. కొడతావో, క్షమిస్తావో నీ ఇష్టం. నువ్వు మాటిచ్చేదాకా ఈ కప్పు ఇక్కడే ఉంటుంది."

ఒక్క మాట తప్పు పోలేదు. చెప్పాల్సినవన్నీ చెప్పాడు. నిన్న సాయంత్రం పద్నాలుగు మంది పెద్దల ముందు, ముఫ్లిహ్ చెవిన పడాల్సిన మాటలవి.

షేక్ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నూఫా మొహంలోకి చూస్తూ ఎదురుచూశాడు. ఎంతసేపు చూసినా ఆయన చూపు తిప్పుకోలేదు, కప్పు ముట్టలేదు. ఆమె మాటిచ్చేదాకా అలాగే కూర్చునేటట్టున్నాడు. నూఫా మోకాళ్ల మీద కూర్చుంది. కప్పు ఎత్తి, రెండు చేతులతో ఆయనకి అందించింది.

"తాగండి మామయ్యా" అంది. "మీరడిగింది ఇచ్చాం."

ఆమె ఏడుస్తోంది. షేక్ మూడు గుక్కల్లో తాగి, కప్పు ఊపి ఇచ్చి, దేవుడు నీ ఇల్లు చల్లగా చూడాలి తల్లీ అన్నాడు. ఆయన మొహంలో ఎంత సంతోషమో. అలాంటి రాజీ తెచ్చిన రోజున ఉండే సంతోషమే. ఖలఫ్ వైపు తిరిగి, చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"అయ్యా, ఎవరినైనా పంపి ఖలఫ్‌కి కబురు పెట్టించు" అన్నాడు మెల్లగా. "పాపం, గుట్ట వెనక బండిలో కూర్చుని ఉంటాడు. అడిగింది ఇచ్చారని చెప్పించు."

"చెబుతాను షేక్" అన్నాడు ఖలఫ్.